పేరు అడిగిన పెట్టె

మా ఆఫీసుకు హిందీ నేర్పే యంత్రం వచ్చిన రోజు అందరూ చూడటానికి ఎగబడ్డారు. నేను మాత్రం ఫైళ్ల బీరువా వెనక్కి జరిగి నిలబడ్డాను. ఎనభైల చివరి సంగతి. కంప్యూటరు అనే మాట వింటేనే ఢిల్లీ ఆఫీసుల్లో గుమాస్తాలకు గుండె గుభేలుమనేది. ఇది దానికంటే నాలుగాకులు ఎక్కువే చదివింది. మాట్లాడేది, మనం మాట్లాడితే వినేది, తప్పొప్పులు చెప్పేది. ఎవరికి సరదా పుట్టిందో, పైన ఒక రేకు తల కూడా బిగించారు. కళ్ల చోట రెండు బల్బులు. జవాబు సరైనదైతే పచ్చ కన్ను వెలుగుతుంది, తప్పయితే ఎర్ర కన్ను. అందరూ రోబో మాస్టర్జీ అని ముద్దుగా పిలిచేవారు. నేను మనసులో వెధవ పెట్టె అనుకునేదాన్ని.

నా భయం ఊరికే పుట్టింది కాదు. మా ఆయన పోయాక, ఆయన పనిచేసిన ఆఫీసులోనే నాకు గుమాస్తా ఉద్యోగం ఇచ్చారు. దాంతో సరోజినీ నగర్ క్వార్టరూ మాకే ఉంది. అయితే హిందీ పరీక్ష గట్టెక్కితేనే ఉద్యోగం ఖాయం. తప్పితే ఉద్యోగం పోతుంది, ఇల్లూ పోతుంది, రెండో క్లాసు చదివే కూతురి చెయ్యి పట్టుకుని ఎక్కడికి పోవాలో నాకే తెలియదు. అన్నేళ్లు ఢిల్లీలో ఉన్నా, కూరగాయల బండి దగ్గర "కిత్నా", "ఠీక్ హై" దాటి నాకు హిందీ అవసరపడలేదు. మిగతాదంతా ఆయనే మాట్లాడేవారు. రాతపరీక్ష ఎలాగో గట్టెక్కాను. నోటిపరీక్ష మాత్రం ఈసారి యంత్రం ముందు ఇవ్వాలన్నారు. మా ఆఫీసులోనే మొదటిసారి పెట్టి చూస్తున్నారట. ప్రయోగాలకు నేనే దొరికానా, దేవుడా!

యంత్రాన్ని తెచ్చిన ఇంజనీరు రోజూ ఫరీదాబాద్ నుంచి వచ్చేవాడు. ఆఫీసు రికార్డుల్లో పేర్లూ ఊళ్లూ, పాఠాల పుస్తకంలో మిగతావీ చూసి, మేం చెప్పాల్సిన జవాబులు ముందే తన గొంతుతో అందులో నింపిపెట్టాడు. మా మాట దాంతో సరిపోలాలి. సాధనకు మొదటి రోజు హెడ్‌ఫోన్లు పెట్టుకుని కూర్చున్నాను. నా పేరు అడిగింది, చెప్పాను. ఊరు అడిగింది, చెప్పాను. ఆ తర్వాత, "ఆప్‌కే పతి కా నామ్ క్యా హై?" అంది.

మీ ఆయన పేరేమిటని.

మా గోదావరి వైపు మా అమ్మ గానీ, మా అత్తగారు గానీ మొగుడి పేరు నోట పలికి ఎరగరు. పలికితే ఆయన ఆయుష్షు తరుగుతుందని మాకు భయం. రేషను షాపులో అడిగితే కార్డు చూపించేదాన్ని. ఆస్పత్రిలో చేర్చిన రోజు కౌంటరు దగ్గర అడిగితే, ఆయన జేబులోంచి ఆఫీసు గుర్తింపు కార్డు తీసి ముందుకు తోశాను. మనుషులైతే నవ్వుకుంటారు, కార్డు చదువుకుంటారు. ఈ పెట్టెకు నేనేం చూపించను?

"మా వారు" అన్నాను. "గలత్. ఫిర్ సే బోలియే" అంది. తప్పట, మళ్లీ చెప్పాలట. "బేటీ కే పాపా" అన్నాను, పిల్ల నాన్న అని. ఎర్ర కన్ను వెలిగింది. గలత్. ఆ గొంతులో కోపం లేదు, విసుగు లేదు. విసుక్కునే మనిషినైతే బతిమాలుకోవచ్చు.

"భయ్యా, ఏ సవాల్ ఛోడ్ దో" అన్నాను ఇంజనీరుతో. ఆ ప్రశ్న వదిలెయ్యమని.

"కైసే ఛోడూ, ఆంటీజీ? జవాబ్ నహీ మిలా తో మశీన్ ఆగే నహీ జాయేగీ. నామ్ హీ తో హై!"

జవాబు రాకపోతే మిషను ముందుకు పోదట. పేరేగా, చెప్పేస్తే పోలేదా అని అతని ధోరణి. బయటివాడు, ఆయన లేరన్న సంగతి తెలియదు. చెబుదామంటే నాకు నోరు రాలేదు. ఆ ఒక్క మాట తెలుగులో కూడా నేను ఎవరికీ చెప్పి ఉండలేదు.

ఇంట్లో నా కూతురికి ఇదంతా పెద్ద ఆట. అది తెలుగు వింటుంది గానీ జవాబు హిందీలోనే ఇస్తుంది. గరిటె నోటి దగ్గర పెట్టుకుని, మిషను గొంతుతో, "ఆప్‌కే పతి కా నామ్?" అని వంటింట్లో నా చుట్టూ తిరిగింది.

"ఆపవే తల్లీ, నీకు పుణ్యముంటుంది."

"మమ్మీ, పాపా తో అబ్ హై హీ నహీ. ఫిర్ డర్ కిస్ బాత్ కా?"

నాన్న ఇప్పుడు లేనే లేడు కదా, ఇంకా భయం దేనికని. పసిపిల్ల, దాని తప్పేం లేదు. పొయ్యి మీద పప్పు అడుగంటుతున్నా నేను కదల్లేదు. అదే నా భయమని దానికెలా చెప్పను? పేరు పలికాక ఏమీ జరగకపోతే? తరగడానికి ఇంకేమీ మిగల్లేదని తేలిపోతే?

పరీక్ష రోజు ఆ ప్రశ్న రానే వచ్చింది. నోరు తెరిచాను, గాలి తప్ప ఏమీ రాలేదు. ఎర్ర కన్ను. మళ్లీ ఎర్ర కన్ను. "ఆంటీజీ, ఆఖ్రీ మౌకా" అన్నాడు ఇంజనీరు. ఇదే చివరి అవకాశం. బడికి వెళుతూ పొద్దున వెనక్కి తిరిగి చెయ్యి ఊపిన పిల్ల గుర్తొచ్చింది. కళ్లు మూసుకుని, ఇంటిపేరుతో సహా, ఆయన పేరు పైకి చెప్పేశాను.

పచ్చ కన్ను వెలిగింది. "బహుత్ అచ్ఛా" అంది పెట్టె. ఊపిరి పీల్చుకోనివ్వకుండా ఇంకోటి అడిగింది. "ఆప్‌కే పతి ఇస్ సమయ్ కహా హై?"

ఈ వేళప్పుడు మీ ఆయన ఎక్కడున్నారని. సాధన చేసిన రోజుల్లో పేరు దగ్గరే ఆగిపోయేదాన్ని కాబట్టి, ఈ ప్రశ్న ఒకటుందని నాకు తెలియదు. జవాబు మాత్రం తెలుసు. మా పాఠాల పుస్తకంలో మొగుళ్లందరూ ఎప్పుడూ ఒక్కచోటే ఉంటారు.

"దఫ్తర్ మే హై" అన్నాను. ఆఫీసులో ఉన్నారు.

పచ్చ కన్ను.

"హో గయా, ఆంటీజీ! పాస్!" అంటూ ఇంజనీరు హెడ్‌ఫోన్లు తీయబోయాడు. ఉద్యోగం నిలిచింది, ఇల్లు నిలిచింది. నేను మాత్రం హెడ్‌ఫోన్లు రెండు చేతులతో గట్టిగా పట్టుకున్నాను.

"భయ్యా, ఏక్ బార్ ఔర్ పూఛ్నే దో" అన్నాను. ఇంకొక్కసారి అడగనివ్వమని.

పాసయ్యాక ఇంకెందుకన్నట్టు చూసి, మీట నొక్కాడు. మీ ఆయన ఎక్కడున్నారని పెట్టె మళ్లీ అడిగింది.

"ఆఫీసులో ఉన్నారు" అన్నాను, ఈసారి తెలుగులో.

ఎర్ర కన్ను వెలిగింది.