కండక్టర్ సీటు

నేను చెబుతుంటే నువ్వు టైపు చేస్తున్నావు చూడు, ఆ మీటల టకటకకి బాపట్ల కాలేజీలో కంప్యూటర్ గది గుర్తొస్తోందే బుజ్జీ. తొంభైల మొదట్లో అక్కడ నాది తాత్కాలిక ఉద్యోగం. రోజూ చెరుకుపల్లి నుంచి బస్సులో వెళ్లేదాన్ని. మా దానం సార్ పిల్లలకు పాఠం చెప్పడానికని సొంతంగా చిన్న ఆపరేటింగ్ సిస్టమ్ రాస్తున్నారు. దాని గుండెకాయని కెర్నెల్ అంటారు. అక్కడ తప్పు జరిగితే మెషీన్ మొత్తం ఆగిపోతుంది. మనిషి టైపు చేసిన పేరుని ఆ కెర్నెల్ లోపలి గళ్లలోకి ఎక్కించే పని నాకిచ్చారు. మర్నాడు కాలేజీ పెద్దలు చూడ్డానికి వస్తున్నారు. అది నడిస్తేనే నాకు ఇంకో ఏడాది ఉద్యోగం.

అక్షరానికొక గడి చొప్పున పదహారు గళ్లు పెట్టాను. మా అందరి పేర్లూ పట్టాయి. సాయంత్రం సార్ కూర్చుని తన పేరు కొట్టారు. ఇంటిపేరు, తాతగారి పేరు, బాప్తిస్మం పేరు, అన్నీ కలిపి. తెర బిగుసుకుపోయింది.

"అంత పేరు ఎవరు కొడతారండి?" అన్నాను ఉక్రోషంగా.

"మా అమ్మ పెట్టింది, నన్నేం చెయ్యమంటావమ్మాయ్? పట్టని అక్షరాలు పక్క గళ్ల మీద పడి అక్కడున్నది చెరిపేశాయి. వచ్చే పేరెంతని కాదు, పట్టే చోటెంతో చూడు."

చూశాను. పదహారు నిండగానే ఆపేశాను. ఈసారి పేరు వెనకాలే ఏవో పిచ్చి గుర్తులు బారులు తీరాయి. పేరు అయిపోయిందని చెప్పడానికి చివర ఒక సున్నా ఉండాలి. దానికి గడి మిగల్చలేదు నేను.

"రేపల్లె బస్సు ఎంత కిక్కిరిసినా కండక్టర్ సీటు ఆయనకి ఒదులుతారా లేదా?" అన్నారు సార్. "నువ్వు ఆయన్నీ దించేశావు. ఇంక విజిల్ ఎవరు ఊదుతారు, బస్సు ఎక్కడ ఆగుద్ది?"

పదిహేను అక్షరాలు, చివర సున్నా. నడిచింది. సంచీ తీసుకున్నాను. సార్ మాత్రం కుర్చీలోంచి కదల్లేదు.

"నా పేరు సగానికి కోసేశావేంటి?"

"పట్టదు కదండి."

"కొయ్యి, కాదన్లేదు. కోశానని చెప్పాలిగా. చెప్పకపోతే ఆ సగమే నా పేరనుకుంటారు."

సంచీ కింద పెట్టి, కోశానని చెప్పే వరస కూడా రాశాను.

మర్నాడు వచ్చిన పెద్దాయనదీ పొడుగు పేరే. "ఇదేంటి, నా పేరు మొత్తం పడలేదే?" అంటూ ముందుకు వంగారు. పేరు కుదించామని కింద ఒక వరస వచ్చింది. "నయం, చెప్పి మరీ కోసింది," అని నవ్వారు. సార్ నావైపు చూసి తలూపారు. నా ఉద్యోగం నిలిచింది.

ఆ తర్వాత మేం తెనాలి వచ్చేశాం. సార్ పోయి చాలా ఏళ్లయింది. ఒకరి మాట ఇంకొకరికి చేరవేసేటప్పుడు నేను ఏదైనా వదిలేస్తే, వదిలేశానని ఇప్పటికీ చెబుతాను. అన్నట్టు, దానం అని రాశావు కదా, అది ఆయన పేరులో చివరి ముక్క మాత్రమే. మిగతాది నేనే కోశాను. కోశానని రాయి.