ఆ టెక్నిక్ నాగమణిగారిది

సాయంత్రం నుంచి ఒళ్లు మండిపోతోంది. ఆగిరిపల్లి దగ్గర మామిడితోటలో మేం కొందరం ఆదివారాలు డిస్క్ గోల్ఫ్ ఆడతాం. పళ్లెంలాంటి డిస్కును దూరంగా ఉన్న బుట్టలోకి విసిరే ఆట. నేర్పేది మా స్నేహితుడు రమేష్. మణికట్టు బిగించి విసరమని నెలరోజులుగా అతను చెబుతుంటే మా చేతులు వాచాయి తప్ప, డిస్కు రెండు వరుసల చెట్లు దాటలేదు.

ఈ రోజు పక్కనే కాయల కోతకొచ్చిన నాగమణిగారు ఖాళీ తట్టలను దూరంగా ఉన్న ట్రాక్టర్లోకి గిర్రున విసురుతూ మమ్మల్ని చూశారు.

“అంత బిగబట్టకండి. మణికట్టు వదులుగా ఉంచితే చివర్లో అదే తిరుగుద్దండీ.”

రమేష్ నవ్వాడు. “ఇది తట్ట కాదమ్మా, దీనికి టెక్నిక్ ఉంటుంది.”

ఆమె ఒక డిస్కు తీసుకుని విసిరారు. నాలుగు వరుసలు దాటింది.

ఇంటికొచ్చి చూస్తే మా ఫేస్‌బుక్ గ్రూపులో రమేష్ పోస్టు. “నేను కనిపెట్టిన కొత్త టెక్నిక్. మణికట్టు వదులుగా ఉంచండి, చివర్లో అదే తిరుగుతుంది.”

కింద నాగమణిగారి పేరు రాశాను. ఐదు నిమిషాల్లో నా కామెంట్ తీసేశాడు.

మీలో చాలామంది ఆ గ్రూపులో ఉన్నారు. వెళ్లి తలా ఒకసారి ఆమె పేరు రాయండి. ఎన్నని తీసేస్తాడో చూద్దాం.