అత్తగారు జవాబిచ్చిన ప్రశ్న

మా వీధి చివర పాత బట్టలు బాగుచేసే కొట్టు ఒకటుంది. కొట్టావిడని అందరూ జిప్పులక్క అంటారు. ఊడిన జిప్పు, వదులైన నడుము, చిరిగిన జేబు, ఏది తీసుకెళ్లినా ముందు వెలుతురులోకి ఎత్తి చూస్తుంది. ఆ తర్వాత దాంతో మాట్లాడుతుంది. "నిన్నెవరే ఇలా పీకారు?" అని ఓ జిప్పుని అడగడం నేను చెవులారా విన్నాను. కొట్టు వెనకాలే ఇల్లు. ఇంట్లో లాండ్రీ వ్యాను నడిపే భర్త, మోకాళ్ల నొప్పుల అత్తగారు.

ఈ జిప్పులక్క సాయంత్రాలు యూనివర్సిటీకి వెళ్లి తత్వశాస్త్రం చదివింది. చిన్నప్పుడు ఆగిపోయిన డిగ్రీని నలభై దాటాక మళ్లీ పట్టుకుని, ఒక్కో పేపరూ గట్టెక్కిస్తూ ఆఖరిదాకా వచ్చింది. నా కోటుకి గుండీలు కుడుతూ ఆవిడ చెప్పింది ఆ ఆఖరి పేపరు సంగతే. అది పోతే ఆ కోర్సు మళ్లీ ఎప్పుడు పెడతారో ఎవరూ చెప్పలేరు.

"అప్పటికి నాకు ఓపికుండాలిగా! ఇప్పుడైతే అయినట్టు, లేకపోతే లేనట్టు అనుకున్నా" అంది.

అది ఇంటి దగ్గర రాసే పరీక్ష. శుక్రవారం సాయంత్రం ప్రశ్నలు ఇస్తారు. సోమవారం మధ్యాహ్నంలోగా జవాబులు ప్రొఫెసరు చేతికివ్వాలి. పుస్తకాలు ఎన్నయినా తిరగెయ్యొచ్చు, మనుషుల్ని మాత్రం అడగకూడదు. చివర్న 'ఈ ప్రశ్నల గురించి ఎవరితోనూ చర్చించలేదు' అని సంతకం పెట్టాలి.

ఇంట్లోవాళ్లకి ఇది ఇంకోలా అర్థమైంది. పరీక్ష అయ్యేదాకా ఆవిడతో అసలు మాట్లాడకూడదనుకున్నారు. భర్త కొట్టు తలుపుకి 'లోపల పరీక్ష. జిప్పులు సోమవారం తర్వాత' అని అట్ట కట్టాడు. కుట్టు మిషను మీద దుప్పటి కప్పి, బట్ట కత్తిరించే బల్లని ఖాళీ చేసి, దీపం దగ్గరికి జరిపాడు. అక్కడిదాకా బాగానే ఉంది. అన్నం దగ్గర మాత్రం ఉప్పు కావాలంటే రెండు వేళ్లు కలిపి గాల్లో చల్లి చూపించేవాడు.

"నోరు తెరిచి అడగొచ్చు కదండీ!" అంటే, కళ్లు పెద్దవి చేసి చేత్తో నోరు మూసుకునేవాడు.

అత్తగారికి ఇది మహా కష్టమైంది. పక్కింటావిడతో గోడ మీంచి కబుర్లాడకపోతే ఆవిడకి పొద్దు పోదు. శనివారమంతా ఎలాగో బిగబట్టుకుంది. ఆదివారం పొద్దున కోడలు అలవాటు కొద్దీ ప్రశ్నల కాగితంతో మాట్లాడింది. "చనిపోయినవాళ్లకి ఇచ్చిన మాట బతికున్నవాళ్లు నిలబెట్టుకుని తీరాలా? ఏం చెప్పను నీకు?" అంది.

"అక్కర్లేదు!" అని మంచం మీంచి అత్తగారు.

"అత్తయ్యా!"

"అడిగేవాడే లేనప్పుడు మాటేంటి, మన్నేంటి! మీ మామగారు పోయేముందు, ఆయన కుర్చీ ఎవరికీ ఇవ్వనని మాటిచ్చా. నెల తిరక్కుండా పక్కింటికి ఇచ్చేశా. ఏమైంది? ఆకాశం ఊడిపడిందా?"

జిప్పులక్క అక్కడ నోరు మూసుకోవాల్సింది, మూసుకోలేకపోయింది. "మరి ఆ కుర్చీ ఉండే మూల ఇంకో వస్తువు పెట్టనివ్వరేం? ఆ ఖాళీ చోటు దగ్గర కూడా పక్కకి తప్పుకుని నడుస్తారేం?"

"మోకాళ్ల నొప్పికి అలా నడుస్తానే, నా ఇష్టం!"

ఇద్దరూ కాసేపు దెబ్బలాడుకున్నారు. ఆ వేడిలో కూర్చుని జిప్పులక్క జవాబు రాసేసింది. మాట పుచ్చుకున్న మనిషి పోయినా, ఇచ్చిన మనిషిలో ఆ మాటకి చోటు మిగిలే ఉంటుందని రాసింది. తను రాసినవాటిలోకెల్లా అదే బాగుంది. చివరికి సంతకం దగ్గరికొచ్చేసరికి కలం ఆగింది. చర్చించలేదని ఎలా రాయడం?

సోమవారం పొద్దున్నే సంతకం లేని కాగితాలు పట్టుకుని ప్రొఫెసరు గదికి వెళ్లింది. ఆయన ఒక కుర్చీలోని పుస్తకాలు ఇంకో కుర్చీలోకి మార్చి కూర్చోమన్నాడు. ఈవిడ కూర్చోకుండానే జరిగిందంతా చెప్పేసింది.

"అయితే మీ అత్తగారు సాయం చేశారా అమ్మా?"

"సాయం ఎక్కడ సార్, పోట్లాడారు."

ఆయన ఆ జవాబు చదివాడు. ఒకచోట నవ్వాడు కూడా. తర్వాత కాగితం పక్కన పెట్టాడు. "బాగుంది. కానీ దీనికి మార్కులు ఇవ్వలేను."

జిప్పులక్క అప్పుడు కుర్చీలో కూర్చుంది. "పేపరు పోయినట్టేనా సార్?"

"ఎందుకు పోతుంది? మీరే వచ్చి చెప్పారు. ఆ ఒక్క ప్రశ్న మారుస్తాను. పక్క గది ఖాళీగానే ఉంది, మధ్యాహ్నందాకా టైముంది. అక్కడ మాత్రం ఎవరితోనూ పోట్లాడకండి."

ఆయన కొత్త ప్రశ్న రాసిచ్చాడు: తెలిసినదానికీ తెలుసనుకున్నదానికీ తేడా ఎలా పట్టుకుంటాం? ఖాళీ గదిలో కూర్చోగానే ఆవిడకి సగందాకా సాఫీగా నడిచి అక్కడ మొరాయించే జిప్పు గుర్తొచ్చింది. అక్కడ మొదలుపెట్టి ఆగకుండా రాసింది. ముందుదానంత గొప్పగా రాలేదట. అయినా అక్షరం అక్షరం తనదే. ఈసారి సంతకం దగ్గర కలం ఆగలేదు.

ఫలితాలు వచ్చిన రోజు పాసయ్యానని చెప్పింది. భర్త వ్యాను హారను అదే పనిగా మోగించాడు. అత్తగారు మాత్రం తన సంగతే ముందు అడిగింది.

"నేను జవాబు చెప్పిన ప్రశ్న కొట్టేశారన్నావుగా. అంటే నేను ఫెయిలా?"

"మీరు క్లాసుకి రాలేదుగా అత్తయ్యా, హాజరు లేదని ఆపేశారు."

"అలా చెప్పు" అని అత్తగారు స్థిమితపడి, ఈ సంగతి పక్కింటావిడకి చెప్పడానికి గోడ దగ్గరికి నడిచింది. జిప్పులక్క ఆ మధ్యాహ్నం కొట్టు తెరవలేదు. మిషను పక్కనే చాప పరుచుకుని హాయిగా నిద్రపోయింది.