ముందు సీటు సాక్ష్యం

తాడేపల్లిగూడెంలో ఇంటర్ పిల్లలకు ఫిజిక్స్ చెప్పుకునే నేను, కొల్లేరులో చేపల చెరువుల గట్లు కొట్టేసిన మరుసటి ఏడాది సెకండ్ హ్యాండ్ కారు కొన్నాను. దాని ముందు సీట్లకు రెండు ఎయిర్‌బ్యాగులు ఉన్నాయి. మా చుట్టాల్లో అలాంటి కారు అదే మొదటిది. గుద్దుకున్నప్పుడు తల ఆగడానికి పట్టే సమయం పెరిగితే దెబ్బ ఎలా తగ్గుతుందో అడిగినవాళ్లకూ అడగనివాళ్లకూ వివరించేవాణ్ణి. జీతం రాని పాఠం అంత ఉత్సాహంగా ఇంకెప్పుడూ చెప్పలేదు.

పాపకు మూడో నెల వచ్చాక, కొల్లేరు పక్కనున్న అత్తగారి ఊరి నుంచి తల్లీబిడ్డలను ఏలూరు మీదుగా ఇంటికి తీసుకొస్తున్నాను. నా భార్య వెనక తలుపు తీయబోతుంటే ఆపాను.

"ముందు కూర్చో. బ్యాగు ఉన్నది ముందే. ఇద్దరికీ అదే క్షేమం."

పాపను ఒళ్లో పెట్టుకుని ముందే కూర్చుంది. కాస్త దూరం వచ్చాక పాప పాలకు ఏడ్చింది. ఎదురొచ్చే లారీలవాళ్లు చూస్తారని ఆవిడ కారు ఆపించి వెనక సీట్లోకి మారింది. అందులో నా తెలివి ఏమీ లేదు.

మరో పది నిమిషాలకు, ముందు వెళ్తున్న తవుడు బస్తాల ట్రాక్టరు చెప్పాపెట్టకుండా ఆగింది. బ్రేకు వేశాను, చాలలేదు. టైరు పేలినంత చప్పుడుతో బ్యాగులు రెండూ విచ్చుకున్నాయి, కారంతా తెల్లటి పొడి. బెల్టు పెట్టుకున్న నాకు మోచేతి దగ్గర చర్మం కమిలింది, కళ్లజోడు విరిగింది. అంతకు మించి ఏమీ కాలేదు. నా తల స్టీరింగుకు తగలకుండా కాపాడింది ఆ బ్యాగే, ఆ మాట ఈ రోజుకీ చెబుతాను. నా భార్య భుజం ముందు సీటుకు కొట్టుకుంది. పాప గుక్కపట్టి ఏడ్చింది. ఆ ఏడుపు విన్నాకే నాకు ప్రాణం లేచొచ్చింది.

సోమవారం ఏలూరు షెడ్డులో మెకానిక్, పక్క సీటు ఎదుట వేలాడుతున్న బ్యాగును చేత్తో ఎత్తి చూపించాడు.

"ఇది కొట్టుకొచ్చే జోరుకి పెద్దోళ్లే అదిరిపోతారండీ. ఒళ్లో పసిబిడ్డుంటే బతకదండీ. ఆ టైముకి ఈ సీట్లో ఎవరూ లేరు కాబట్టి సరిపోయింది."

తలూపి వచ్చేశాను. ఇంట్లో ఎవరికీ చెప్పలేదు. అందరికీ చెప్పుకు తిరిగిన పాఠంలో సగం నాకే తెలియదని ఒప్పుకోవడానికి సిగ్గేసింది.

ఆదివారం మా ఇంట్లో కృతజ్ఞత కూడిక పెట్టారు. ప్రార్థన అయ్యాక సాక్ష్యం చెప్పమన్నారు. లేచి దేవుడి కాపుదల గురించీ ఎయిర్‌బ్యాగు గురించీ బాగానే చెప్పాను. ఎవరు ఏ సీట్లో ఉన్నారో మాత్రం చెప్పలేదు. అందరూ స్తోత్రం అన్నారు.

భోజనాలయ్యాక మా తోడల్లుడు బయల్దేరాడు. ఆయన కూడా నన్ను చూసి అలాంటి కారే కొన్నాడు. చంటివాణ్ణి ఎత్తుకుని వెనక ఎక్కబోతున్న భార్యను పిలిచాడు.

"ముందుకొచ్చి కూర్చో. అన్నయ్యగారు చెప్పింది విన్లేదా? బ్యాగు ఉన్నది ముందే కదా."

గబగబా వెళ్లి ముందు తలుపు మూసేశాను.

"వద్దమ్మా, వెనకే కూర్చో. ఒళ్లో బిడ్డతో ముందు కూర్చుంటే ఆ బ్యాగే బిడ్డ ప్రాణం తీస్తుంది. నేను సగమే చెప్పాను."

చెల్లెలికి కూర క్యారేజీ ఇవ్వడానికి వచ్చిన నా భార్య నా వెనకే ఉందని చూసుకోలేదు. ఆవిడ క్యారేజీ అందించింది. కారు వెళ్లిపోయాక గేటు వేసింది.

"ఈ సంగతి మీకెప్పుడు తెలిసిందండీ?"

"సోమవారం. షెడ్డులో."

"నేను కారు ఆపించబట్టే ఆ ట్రాక్టరు వెనక పడ్డామని, పాప ప్రాణం మీదికి తెచ్చానని రోజూ ఏడుస్తున్నానండీ. మీరు పక్కనే ఉన్నారు."

ఉన్నాను. ఊరుకోమని నీళ్లు కూడా తెచ్చి ఇచ్చాను.