నేను తీసేసిన జిల్లా పేరు

2023 నాటికి రియాద్‌లోని మలాజ్‌లో ఒక కొరియర్ దుకాణం కౌంటర్‌లో నేను పనికి చేరి పదమూడేళ్ళు నిండాయి. మాది పెద్ద కంపెనీ కాదు. జనం తెచ్చిన పార్సిళ్ళు తీసుకుని, తూచి, ఎయిర్‌వే బిల్లు రాసి పెద్ద కంపెనీల విమానాలకు అప్పగించే చిన్న ఏజెన్సీ. ఎయిర్‌వే బిల్లు అంటే పార్సిల్ మీద అంటించే కాగితం. పంపేవాడి అడ్రసు, అందుకునేవాడి అడ్రసు, ట్రాకింగ్ నంబరు అన్నీ దాని మీదే ఉంటాయి. ఆ కాగితం తప్పయితే లోపల బంగారమున్నా దండగే.

అడ్రసులు దిద్దడంలో నాకు మంచి పేరుండేది. అంతకు రెండింతలు గర్వం ఉండేది. తెలంగాణలో కొత్త జిల్లాలు వచ్చాక జగిత్యాలవాళ్ళు కరీంనగర్ జిల్లా అనీ, నిర్మల్‌వాళ్ళు ఆదిలాబాద్ జిల్లా అనీ పాత అలవాటు కొద్దీ రాసుకొచ్చేవారు. నేను ఏ మండలం ఏ జిల్లాలోకి వెళ్ళిందో ఒక పట్టిక రాసి గోడకు అంటించుకున్నాను. పాత పేరు కనిపిస్తే చాలు, అడగకుండానే కొట్టేసి కొత్తది రాసేవాణ్ణి. నాది రాయచోటి. మా ఊరు కూడా కడప జిల్లా నుంచి విడిపోయింది. అయినా ఎవరైనా మీదెక్కడ అంటే కడప అనే చెప్పేవాణ్ణి. నా పట్టింపంతా ఇతరుల జిల్లాల మీదే.

ఆ ఏడాది అక్టోబరు మొదటి శుక్రవారం గంగారాం వచ్చాడు. జగిత్యాల దగ్గరి మనిషి, యాభైకి దగ్గరపడ్డాడు. సులైలో లేబర్ క్యాంపులో ఉండేవాడు. చిన్న ఏసీ మరమ్మతు దగ్గర్నుంచి పెద్ద భవనాలను చల్లబరిచే చిల్లర్ ప్లాంట్ల దాకా చేయి తిరిగినవాడు. ఆయన పనిచేసిన మెయింటెనెన్స్ కంపెనీ అప్పటికే మూతపడింది.

"భాయ్, గిది ఇంగ్లండ్ పోవాలె. జల్ది పోవాలె," అంటూ కవరు నా ముందు పెట్టాడు.

కూర్చోబెట్టి అడిగితే విషయం చెప్పాడు. అభా నగరంలో ఒక కంపెనీ ఆయన్ని సూపర్‌వైజరుగా తీసుకుంటానంది. వీసాకు పూచీ ఉండే కఫీల్ మార్పు కూడా వాళ్ళే చూసుకుంటారు. కానీ పదకొండేళ్ళు ఆ పని చేశాడని పైఅధికారి సిరా సంతకంతో రుజువు కావాలి. అందుకు తమ ముద్ర వేసిన ఫారం ఒకటే ఒకటి ఇచ్చారు. నెలాఖరులోగా సంతకంతో తిరిగి రావాలి. లేకపోతే ఆ ఉద్యోగం లేదు, ఈ దేశంలో ఉండనిచ్చే ఇకామా కార్డు గడువు కూడా అప్పటికే అయిపోతుంది, ఇక ఫైనల్ ఎగ్జిట్ కొట్టించుకుని ఇంటికి పోవడమే.

సంతకం పెట్టాల్సిన మనిషి పీటర్ అనే ఇంగ్లీషు ఇంజనీరు. రిటైరై వెళ్ళిపోయాడు. వెళ్ళేరోజు తన చేత్తో అడ్రసు రాసి ఇచ్చిన చీటీని గంగారాం ఇకామా కవరులో కార్డు వెనక దాచుకున్నాడు. ఫోన్ నంబరు లేదు. చెమటకు చీటీ చివరి వరుస కరిగిపోయింది. అక్కడ ఉండాల్సింది పోస్ట్‌కోడ్, అంటే మన పిన్‌కోడ్ లాంటిది. దానిలో మొదటి అక్షరం T ఒక్కటే మిగిలింది. పైన ఇంటి నంబరు, చర్చ్ రోడ్, ఆష్‌ఫర్డ్, మిడిల్‌సెక్స్ అని స్పష్టంగానే ఉంది.

మిడిల్‌సెక్స్ అంటే ఏమిటో నెట్‌లో చూశాను. కౌంటీ అట. అంటే వాళ్ళ జిల్లా. పరిపాలనకు సంబంధించి ఆ జిల్లా ఎప్పుడో రద్దయిందని మొదటి వరుసలోనే ఉంది. నాకు అంతే చాలింది.

"ఈ జిల్లా ఇప్పుడు లేదు గంగారామన్నా. మీ కరీంనగర్ కథే. మీ సారు పెద్దాయన గదా, పాత పేరు రాసిచ్చినాడు," అన్నాను.

"మా సార్ ఊకెనే ఏది రాయడు భాయ్. గది ఉండనియ్యి."

"లేని జిల్లా రాస్తే యాడికి పోతాదన్నా? నాకు వదిలిపెట్టు. ఇది నా పని."

ఆయన చీటీని నా వైపు జరిపాడు. చదువుకున్నవాడు చెబుతున్నాడు కదా అనుకుని ఉంటాడు. నేను కంప్యూటర్‌లో ఆష్‌ఫర్డ్, చర్చ్ రోడ్ అని కొట్టాను. కెంట్ అనే జిల్లాలో ఆ ఊరూ, ఆ వీధీ వచ్చాయి. పోస్ట్‌కోడ్ కూడా T తోనే మొదలైంది. ఇంకేం, సరిపోయింది. మిడిల్‌సెక్స్ తీసేసి కెంట్ అని రాసి బిల్లు అంటించాను. గ్రహీత ఫోన్ నంబరు గడిలో, మాలాంటివాళ్ళం అందరం చేసినట్టే, మా దుకాణం నంబరు వేశాను.

నాలుగో రోజున ట్రాకింగ్‌లో డెలివరీ అయిందని వచ్చింది. సంతకం ఎవరో ఆడమనిషిది. ఆయన భార్యో కూతురో అయ్యుంటుందనుకున్నాను. గంగారాం ప్రతి శుక్రవారం బస్సులో సులై నుంచి వచ్చేవాడు. రెండో శుక్రవారం గడిచినా పీటర్ నుంచి ఉలుకూ పలుకూ లేదు. అప్పుడు ఆ నెట్ పేజీ తెరిచి ఈసారి చివరిదాకా చదివాను.

ఇంగ్లండ్‌లో ఆష్‌ఫర్డ్‌లు రెండున్నాయి. కెంట్‌లో ఉన్నది పెద్దది. రెండోది లండన్ పక్కన, ఒకప్పటి మిడిల్‌సెక్స్‌లోది. జిల్లా రద్దయ్యాక ఆ ఊరు సర్రే అనే మరో జిల్లాలో కలిసింది. అయినా అక్కడివాళ్ళలో చాలామంది ఉత్తరాల మీద మిడిల్‌సెక్స్ అనే రాసుకుంటారు, కెంట్‌లోని ఊరితో కలిసిపోకుండా. పోస్ట్‌కోడ్ ఉంటే అసలు ఏ జిల్లా పేరూ రాయనక్కర్లేదని అక్కడి తపాలావాళ్ళు చాలా ఏళ్ళ కిందటే చెప్పేశారు. అంటే, పోస్ట్‌కోడ్ కరిగిపోయిన ఆ చీటీ మీద పనికొచ్చే మాట ఒక్కటే ఉంది. దాన్నే నేను తీసేశాను. రెండు ఊళ్ళలోనూ చర్చ్ రోడ్ ఉంది. రెండిటి పోస్ట్‌కోడూ T తోనే మొదలవుతుంది.

తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్ళు అన్న మనిషిని నేనే.

ఆ రోజే గంగారాంకు ఫోన్ చేసి ఉండాల్సింది. చేయలేదు. పదమూడేళ్ళ పేరు పోతుందన్న భయం ఒకటి. నువ్వు వద్దన్నా నేనే చేశానని ఏ నోటితో చెప్పాలన్నది ఇంకొకటి. కెంట్‌లోని ఆ ఇంటికి నేనే ఒక ఉత్తరం రాశాను. ఈ కవరు మీది కాదు, తప్పు నాది, ఒక మనిషి ఉద్యోగం దీని మీద ఉంది, దయచేసి దీన్ని ఆష్‌ఫర్డ్, మిడిల్‌సెక్స్‌కు పంపండి అని. సరైన పోస్ట్‌కోడ్ వెతికి రాసి, అన్నిటికన్నా వేగంగా పోయే సర్వీసులో వేశాను.

మూడో శుక్రవారం గంగారాం వచ్చాడు. నెలాఖరుకు పదకొండు రోజులుంది. నేను టీ తెప్పించాను.

"ఏమన్న ఎరుకైందా భాయ్?" అన్నాడు.

"అక్కడ పార్సిళ్ళు లేటవుతున్నాయంటన్నా. వచ్చేస్తాది," అన్నాను.

"అట్లనా," అన్నాడు. టీ నిదానంగా తాగాడు. నా ముఖంలోకి ఒకసారి చూశాడు. గ్లాసు పెట్టి వెళ్ళిపోయాడు.

నెలాఖరుకు అయిదు రోజుల ముందు, గురువారం, ఇంగ్లండ్ నుంచి కవరు మా దుకాణానికి వచ్చింది. క్యాంపుకు డెలివరీ ఉండదు కాబట్టి మా అడ్రసే ఇచ్చాం. గంగారాం సాయంత్రానికి పరుగున వచ్చి విప్పాడు. ఫారం మీద నీలి సిరాతో సంతకం, పక్కన నాలుగు వరుసల మెచ్చుకోలు. ఆయన ఫారాన్ని రెండు చేతులతో పట్టుకుని చాలాసేపు చూశాడు. ఆ ముఖం చూశాక ఇక దాచడం నావల్ల కాలేదు.

"అన్నా, నీకొక మాట చెప్పాల. ఆలస్యం తపాలావాళ్ళది కాదు. నువ్వు ఉండనియ్యమన్న ఆ జిల్లా పేరు తీసేసి నేను వేరే ఊరికి పంపినాను. పోయిన శుక్రవారం నీకు అబద్ధం చెప్పినాను," అన్నాను.

గంగారాం ఫారం మడిచి జేబులో పెట్టుకున్నాడు.

"నాకు ఎరుకే భాయ్. నువ్వు గా మాట చెప్పినరోజు కంటె ఒక్కరోజు ముందే సార్ ఫోన్ చేసిండు. ఫారం మీద నా నంబర్ ఉంది గద. గా కెంట్ ఆమె ఎన్కటి బిల్లు, నువ్వు రాసిన చిట్టి అన్నీ పెట్టి పంపిందట. నా జిల్లా ఎవలు తీసిండ్రు గంగా అని నవ్విండు."

"మరి ఆ రోజు ఎందుకు అడగలేదన్నా?" అన్నాను.

"అడుగుతే నువ్వు ఒప్పుకుంటవు, అండ్ల ఏమున్నది? నువ్వే చెప్తవేమో అని వచ్చిన. చెప్పకుంటె ఇగ నీ దుకాణానికి రావద్దనుకున్న. గా ఆమెకు నువ్వు ఇంగ్లీషుల రాసినవు గద, తప్పు నాది అని. నాకు తెలుగుల చెప్పనీకె ఇన్ని దినాలా?"

ఆయన అభా వెళ్ళాడు, ఉద్యోగం దొరికింది. ఇప్పటికీ పార్సిళ్ళు మా ద్వారానే పంపుతాడు. గోడ మీది పట్టిక ఉంది కానీ, ఎదుట ఉన్న మనిషిని అడగకుండా ఇప్పుడు ఎవరి అడ్రసులోనూ ఒక్క ముక్క తీయను. అంతకన్నా పెద్ద మార్పు ఇంకొకటుంది. ట్రాకింగ్‌లో ఏమాత్రం తేడా కనిపించినా ఆ రోజే ఫోన్ తీసి, మొట్టమొదట ఆ పార్సిల్ ఎవరిదో వాళ్ళకే చెబుతున్నాను.