ఇరవయ్యో మంద

ఆదివారం పొద్దున మా వీధి చివర కోళ్ల దుకాణం ముందు నుంచి నడవాల్సి వస్తే నేను రోడ్డు దాటి అవతలి పక్క నుంచి పోతాను. అయినా తప్పదు, కాగే నీళ్లలో ముంచి తీసిన తడి బొచ్చు వాసన గాలితో పాటు రోడ్డు దాటుతుంది, ముక్కులో దూరి గొంతులోకి దిగుతుంది. నాతో గది పంచుకునే మిత్రులకు అది ఆకలి పుట్టించే వాసన. నాకు మాత్రం ఆ క్షణంలో చెవి పక్కన ఒక కేక వినిపిస్తుంది. "ఇంకో మంద వస్తాంది రా! గోడకు ఆనుకోన్రి!"

ఆ కేక సైదులుది. మంద అంటే గొర్రెల మంద కాదు. మా చిన్నప్పుడు కంప్యూటర్లో ఒక ఆట ఉండేది. ఏదో గ్రహం మీద ఓడ చెడిపోయి నలుగురు సిపాయిలు చిక్కుకుంటారు, చీకటి గుహల్లోంచి పురుగులు విడతలు విడతలుగా మీద పడతాయి, ఒక విడతను చంపి ఊపిరి పీల్చుకునేలోపే అంతకంటే పెద్దది వస్తుంది, అట్లా ఇరవై విడతలు తట్టుకుంటే ఆకాశంలోంచి ఇంకో ఓడ వచ్చి తీసుకుపోతుంది. ఆట పేరు మాకెవరికీ తెలియదు. సైదులు వాళ్లు గొర్రెలు కాసేవాళ్లు కాబట్టి విడతను వాడు మంద అన్నాడు, మేమూ మంద అన్నాం. నేల మీద పాకేవి జెర్రులు, ఎగిరేవి ఈగలు, ఇరవయ్యో మందలో వచ్చే కొండంత పురుగు, నడుస్తూనే గుడ్లు పెట్టేది, గుడ్ల బర్రె. ఎవరికైనా దెబ్బ తగిలి పడిపోతే ఇంకొకడు పక్కకు వచ్చి చెయ్యిచ్చి లేపాలి, లేపేదాకా పడినవాడు నేల మీదే కొట్టుకుంటాడు. ఆటలో అన్నిటికంటే ఎక్కువగా వినబడే మాట అదే. "నన్ను లేపు రా, నన్ను లేపు!"

మా ఊరు చౌటుప్పల్ దాటాక హైవే పక్కన ఉంటుంది. రాష్ట్రం వచ్చిన కొత్తలో ఊరి చుట్టూ చేన్లలో ప్లాట్ల రాళ్లు మొలుస్తుండేవి, పొద్దుగూకే వేళకు మందుల కంపెనీల వైపు నుంచి కుళ్లిన గుడ్డూ స్పిరిటూ కలిసినట్టుండే గాలి వచ్చేది. ఎండాకాలంలో తాటిముంజలు తిని, వేళ్లకు అంటిన నీళ్లను లాగులకు తుడుచుకుని, గోలీలాట మధ్యలోనే వదిలేసి మేం పరుగెత్తేది యాదయ్య దుకాణానికి. ముందు భాగంలో ఆయన కోళ్లు కోసి అమ్మేవాడు. వెనక గదిలో ఆయన కొడుకు ఆన్‌లైన్ దరఖాస్తు ఫారాలు నింపడానికని నాలుగు కంప్యూటర్లు పెట్టి, ఏడాది తిరక్కుండా పట్నంలో నౌకరీ దొరికి పోయాడు. కంప్యూటర్లు మాకు మిగిలాయి.

ఆ గదిని తలుచుకుంటే ఇప్పటికీ చేతులు కడుక్కోవాలనిపిస్తుంది. ముందు గదికీ దానికీ మధ్య తలుపు కింద జానెడు సందు ఉండేది, కడిగిన నీళ్లు అందులోంచి సన్నగా పారి మా చెప్పుల కిందికి వచ్చేవి, అందుకని కాళ్లు కుర్చీ పైకి ఎత్తుకుని ఆడేవాళ్లం. కీబోర్డు మీటలకు జిడ్డు, ఒకసారి నొక్కితే స్పేస్ మీట పైకి రావడానికి ఆలోచించేది. మౌసు కింద తెల్లటి ఈకలు ఇరుక్కునేవి. కిటికీ కింద పేగుల బకెట్టు, దాని చుట్టూ ఈగల మోత, ఆ మోత తగ్గిందంటే కుక్కలొచ్చాయని అర్థం. కంప్యూటరు ఆగిపోతే యాదయ్య కత్తి పక్కన పెట్టి వచ్చి, ఆ చేతులతోనే బటన్ నొక్కేవాడు. తెర మీద పురుగులు పగిలి పచ్చటి జిగురు కారుతుంటే మాకు అసహ్యం వేసేది కాదు. దానికి వాసన లేదు కదా.

నలుగురం. నేను, సైదులు, కిరాణం దుకాణం అన్నదమ్ములు రాజు, రమేశ్. రాజు ముందుకు దూకేవాడు, రమేశ్ ఆటలో దొరికే తుపాకీ గోలీలన్నీ తనకే దాచుకునేవాడు, నేను ఏ పురుగుకు ఎన్ని దెబ్బలు పడతాయో లెక్క చెప్పేవాణ్ణి. సైదులు లేపేవాడు. ఎవడు ఎక్కడ పడినా, తన చుట్టూ ఎన్ని జెర్రులున్నా, వాడి సిపాయి వంగి పరుగెత్తుకుంటూ వచ్చేవాడు. "ఒక్కటి ఎనుకబడ్తే మందంత ఆగాలె," అనేవాడు, వాళ్ల బాపు మాట అది. లేపాక తిట్టేవాడు. "కండ్లు నెత్తికెక్కినయా, గంత పెద్దది కనవడలేదా?"

ఇంటికి పోతే అవ్వ గడప దగ్గరే ఆపేది. మా అవ్వకు శనివారం గుట్ట నర్సింహస్వామి వారం, ఆ రోజు ఇంట్లో నీసు మాటే ఎత్తకూడదు. మిగతా రోజుల్లో మాత్రం ఆమె పండుగ చేసిందంటే చేసిందే. బోనాలకు మేక తలకాయను పొయ్యి మంట మీద తిప్పి తిప్పి కాల్చి, గీకి, నల్లటి నీళ్లు పోయేదాకా కడిగేది. దసరాకు బగారన్నం, కోడికూర, పక్కన పలచటి పచ్చిపులుసు, పోయిన పెద్దలకు పెట్టుకునే పెత్రమాసకు వెనకింటి వాళ్లకు కూడా గిన్నెలు పోయేవి. అంతటి మనిషి కూడా నా వాసన పట్టి మొహం తిప్పుకునేది. "ఏం కంపు రా గిది! సచ్చిన కోడి లెక్క వాసనొస్తున్నవ్. అవుతలనే తానం జెయ్యి."

మా అసలు శత్రువు గుడ్ల బర్రె కాదు, బొచ్చు మిషను. లోపల రబ్బరు వేళ్లున్న స్టీలు డ్రమ్ము అది, తడి కోడిని వేసి మీట వేస్తే గిరగిర తిప్పి బొచ్చంతా ఊడబెరుకుతుంది. కరెంటు చదువు చదివాక నాకు కారణం తెలిసింది. మోటారు తిరగడం మొదలుపెట్టే క్షణంలో మామూలు కంటే ఎన్నో రెట్లు కరెంటు గుంజుతుంది, సన్నటి వైరు మీద దుకాణమంతా ఒకే లైను కాబట్టి చివరి బోర్డు దగ్గర వోల్టేజీ పడిపోతుంది. మూడు కంప్యూటర్లకు కలిపి ఒక పాత యూపీఎస్ ఉండేది. నాలుగోదానికి లేదు. గిరాకీ వచ్చినప్పుడల్లా బల్బు గుడ్డిదయ్యేది, నాలుగో కంప్యూటరు చచ్చేది, అందులో ఆడేవాడి సిపాయి నిలబడిన చోటే బొమ్మలా బిగుసుకుపోతే పురుగులు మీదికెక్కి తినేవి. "తెలంగాణ వచ్చినంక కరెంటు పోతలేదు, మా యాదన్న పోగొడ్తాండు," అనేవాడు రాజు. నాలుగో కుర్చీ పేగుల బకెట్టు పక్కన కూడా ఉండేది. వంతులు వేసుకునేవాళ్లం. వంతు తప్పించుకోవడానికి కడుపునొప్పి తెచ్చుకునేవాళ్లం.

ఒకసారి, గిరాకీ లేని మిట్టమధ్యాహ్నం, పదిహేనో మంద దాటాం. మా అరుపులకు యాదయ్య భయపడి లోపలికొచ్చాడు, సంగతి తెలిసి నవ్వాడు, హైవే మీద తాను కోళ్లు వేసే హోటల్ నుంచి బిర్యాని తెప్పించి ఇచ్చాడు. పొట్లం విప్పితే ఆవిరి, లవంగం, వేయించిన ఉల్లిగడ్డ. నలుగురం ఒకే కాగితంలో తిన్నాం, బొక్కలు పగలగొట్టి మూలగ జుర్రుకున్నాం, రమేశ్ చివరికి కాగితాన్ని కూడా నాకాడు. "ఇరవై దాటున్రి, మనిషికొక్క పొట్లం," అన్నాడు యాదయ్య.

ఎండలు ముదిరాక సైదులుకు పాలమూరు దిక్కు గురుకులంలో తొమ్మిదో తరగతికి సీటు వచ్చింది. వాళ్లమ్మ ఊరంతా బెల్లం పంచింది. వాడు మాత్రం బెల్లం చేతిలో పట్టుకుని మా దగ్గరికొచ్చి ఒకటే మాట అన్నాడు. "నేను పోయెలోపు ఇరవయ్యో మంద దాటాలె." ఆ ఆట మధ్యలో ఆపి దాచుకునేది కాదు, ఒక్క కూర్చునుడులో మొదటి మంద నుంచి చివరిదాకా పోవాలి. వాడు పోతే నాలుగో కుర్చీలో ఇంకెవడైనా కూర్చోవచ్చు, కానీ లేపేవాడు ఉండడు. అది నలుగురికీ తెలుసు.

రోజు నేనే ఎంచాను. ఆదివారం పొద్దున వాడి ప్రయాణం, కాబట్టి మిగిలింది శనివారం. ఊళ్లో సగం ఇళ్లు శనివారం నీసు ముట్టవు, యాదయ్య షట్టర్ కిందికి దించేస్తాడు, గిరాకీ లేకపోతే మిషను లేదు, మిషను లేకపోతే నాలుగో కంప్యూటరు చావదు. లెక్క ఎంత శుభ్రంగా ఉందో! అడిగితే యాదయ్య మొదట ఒప్పుకోలేదు. "శనారం వద్దు రా, శనారం దుకాణం బంద్." సైదులు గడ్డం పట్టుకుని బతిమాలాడు. చివరికి, "సరే, ఎనుక తలుపుల నుంచి రాన్రి, ఎనుక నుంచే పోన్రి. ముంగటికి మాత్రం రావద్దు," అన్నాడు. దేవుడి వారమని అంత నిష్ఠ అనుకున్నాం.

ఆ రోజు నాలుగో కుర్చీలో సైదులు తానే కూర్చున్నాడు. పదో మంద దాటాం, పదిహేను దాటాం, చెమటకు చొక్కాలు వీపులకు అంటుకున్నాయి, ఎవరి మోచేయి ఎవరికి తగులుతోందో తెలియదు. పంతొమ్మిది దాటాం. గుడ్ల బర్రె వచ్చింది. రాజు దాని చుట్టూ తిరుగుతూ కాల్చాడు, రమేశ్ దాచుకున్న గోలీలన్నీ తీశాడు, దాని బలం పావు వంతుకు దిగిందని నేను అరుస్తుండగానే తోక తగిలి పడిపోయాను.

"లేపు రా సైదులూ!"

"వస్తున్న, వస్తున్న, సావకు!"

వాడి సిపాయి జెర్రుల మధ్యలోంచి వచ్చాడు, నా మీదికి వంగాడు, చెయ్యి చాపాడు. బల్బు గుడ్డిదయింది. గోడ అవతల మిషను మూలిగి గిరగిర తిరిగింది. సైదులు తెర నల్లబడింది. నా తెర మీద వాడి సిపాయి సగం చాపిన చేత్తో బిగుసుకుపోయి, నా కళ్ల ముందే పురుగుల కింద మాయమయ్యాడు. తర్వాత నేను, తర్వాత మిగిలిన ఇద్దరు.

సైదులు కుర్చీ తన్ని మధ్య తలుపు నెట్టుకుని ముందుకు పోయాడు, వెనకాలే మేం. షట్టర్ దించి ఉంది, లోపల ఒక్కటే బల్బు. నేల మీద కోళ్లు కుప్పగా పడి ఉన్నాయి. బోన్లలో ఎండకు చచ్చినవి, ఆ ఒక్క దుకాణానివే కాదు, ఇంకెక్కడెక్కడివో సంచుల్లో వచ్చినవి. కాళ్లు కట్టెల్లా చాచుకుని, పొట్టలు ఆకుపచ్చగా ఉబ్బి, కళ్ల మీద తెల్లటి పొర. వాటి మీంచి వచ్చే వాసన రోజూ మా చెప్పుల కింద పారే వాసనకు తండ్రి లాంటిది. యాదయ్య వాటిని ఒక్కొక్కటిగా వేడినీళ్లలో ముంచి డ్రమ్ములో వేస్తున్నాడు. ఊరు నీసు ముట్టని వారమే ఆ పనికి అనువైన వారం.

సైదులు ఒకదాన్ని కాలితో కదిపాడు. కర్రలా దొర్లింది.

"గివి హోటల్‌కా యాదన్నా?"

యాదయ్య మీట ఆపాడు. "మసాల పడ్తే అన్ని ఒక్కటే రా. మొన్న మీరు తినలేదా? ఏమన్నయిందా?"

మా నలుగురి నోళ్లలోకీ ఒకేసారి లవంగం వాసన వచ్చింది. రమేశ్ నోరు మూసుకుని గోడ పట్టుకున్నాడు.

"రోగమొచ్చి సచ్చిన గొర్రెను మా బాపు గొయ్యి తీసి బొంద వెడ్తడు," అన్నాడు సైదులు. "ఇంట్ల తిండి లేకున్న బొంద వెడ్తడు."

"మీ బాపు సంగతి నాకెందుకు గాని," యాదయ్య గొంతు మెత్తబడింది, "సూడు, పొద్దుగూకెదాక మిషను ముట్ట. పోయి మల్ల మొదలు పెట్టున్రి, పైసలొద్దు. ఇరవై కాదు, ముప్పై దాటున్రి. ఊర్ల మాత్రం నోరిప్పొద్దు. మంచిదేనా?"

మేం ముగ్గురం సైదులు వంక చూశాం. నా మనసులో ఏముందో దాచను, కూర్చుందామని ఉంది. మిషను ఆగిన గదిలో, నాలుగు కంప్యూటర్లు వెలుగుతుంటే, మళ్లీ రాని శనివారం అది. సైదులు వెనక గదిలోకి పోయాడు, నాలుగో కుర్చీ నిలబెట్టాడు, తెర వంక కాసేపు చూశాడు. "నాతోని కాదు రా," అని వెనక తలుపులోంచి బయటికి పోయి గోడ పక్కన కక్కుకున్నాడు. మేం కూడా వరుసగా అదే గోడకు.

నలుగురం మూడిళ్లలో చెప్పాం. అవ్వ నా నోట్లో వేపాకు కుక్కింది. కొందరు పెద్దలు యాదయ్య దుకాణం ముందు నిలబడి అరిచారు, ఆయన చేతులు జోడించాడు, అయిపోయింది. మర్నాడు సైదులు బస్సెక్కాక తిరిగొస్తూ చూశాను, అదే దుకాణం ముందు ప్రతి ఆదివారం ఉండే వరస, వరసలో నిన్న అరిచినవాళ్లు, వాళ్ల మధ్యలో మా బాపు. "మన ముంగట కోడిని కోయిపిచ్చుకుంటే తాజాదే గద రా," అన్నాడు. ఆ చచ్చిన కోళ్ల కంటే ఆ మాట నాకు ఎక్కువ కంపు కొట్టింది. ఆ దసరా నుంచి ఇప్పటిదాకా ఇంటిల్లిపాదీ కోడికూర కలుపుకుంటుంటే నేను పచ్చిపులుసు పోసుకుంటాను.

ఇప్పుడు యాదయ్య దుకాణం లేదు, రోడ్డు వెడల్పులో ముందు గది పోయింది, వెనక గది ఉన్న చోట అద్దాల తలుపులతో ప్లాట్ల ఆఫీసు ఉంది, లోపల నిమ్మకాయ వాసన చల్లుతారు. గోలీలాడే పిల్లలు లేరు, అవ్వ లేదు, గడప దగ్గర ఆపి నన్ను వాసన చూసేవాళ్లు లేరు. సైదులు మందుల కంపెనీలో షిఫ్టు డ్యూటీ చేస్తున్నాడు. పోయిన నెల ఇంటర్నెట్లో పురుగుల ఆటలు వెతుకుతుంటే ఆ ఆట దొరికింది. పాత ఆట, ఆడేవాళ్లు మిగల్లేదు, తోడు లేకపోతే మిగిలిన ముగ్గురు సిపాయిలనూ కంప్యూటరే నడుపుతుంది. ఒక సెలవు రోజు మధ్యాహ్నం, శుభ్రమైన గదిలో, శుభ్రమైన కీబోర్డు మీద ఆడాను. గుడ్ల బర్రె తోకకు మళ్లీ పడ్డాను. ఒక సిపాయి వచ్చి వంగి చెయ్యి చాపాడు, నేను అలవాటుగా పైనున్న లైటు వంక చూశాను, అది మినుక్కుమనలేదు. బర్రె చచ్చింది, ఓడ వచ్చింది, ఏవో అక్షరాలు పడ్డాయి.

సైదులుకు ఫోన్ చేశాను.

"దాటిన రా. ఇరవయ్యో మంద."

వాడు డ్యూటీలో ఉన్నట్టున్నాడు. వెనక ఏదో కంపెనీ మిషను మోత.

"నడుమ పడ్డవా?"

"పడ్డ."

"మరి ఎవడు లేపిండు?"

"కంప్యూటరే లేపింది."

"ఛీ," అన్నాడు సైదులు.