కొండ దాటని వాకీటాకీ

పుంగనూరు దగ్గర మా పైపులైను పనిలో ఇన్నాళ్లూ లైసెన్సు తీసుకోకుండానే పెద్ద వాకీటాకీలు వాడాం. అది నేరమని తెలిసి, ఈ రోజు వాటిని పెట్టెలో పెట్టేసి, లైసెన్సు అక్కర్లేని చిన్నవి పంచాను. వీటి మాట కొండ దాటదు. అవతల పైపులకు కాపలా ఉండే మునెప్ప గొంతు పొద్దుటి నుంచీ వినపడలేదు. షెడ్డులో ఒక్కడినే కూర్చున్నాను.

సాయంత్రం ఆయనే కొండ దిగి నడిచొచ్చాడు.

“ఏమప్పా, ఆడ ఏమన్నా అయిందా?” అన్నాను.

“ఏమీ లేదు సార్. మద్దేనం అన్నం తిన్నారా అని దీంట్లో అడిగితే మీరు పలకలా. అడిగిపోదామని వచ్చినా.”

“ఇంకా తినలేదప్పా,” అన్నాను. రూలు ప్రకారం నేను చేసింది సరైన పనే. కానీ ఈ ఊళ్లో నన్ను ఆ మాట అడిగేది ఆయనొక్కడే.

అన్నం తిన్నారా అని మిమ్మల్ని ఈ రోజు ఎవరైనా అడిగారా?